పళ్ళు, తడి ఆరనివ్వకండి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకంలో వెతికినా లొసుగు దొరకదు. ఎనిమిదిన్నరకు ఇల్లు కదలాలి. తొమ్మిదికి పార్సిల్ ఆఫీసులో తన కుర్చీలో ఉండాలి. పదకొండున్నరకు పొరుగూరి పళ్ళ డాక్టరు బాగుచేసి పంపిన అత్తగారి పళ్ళ సెట్టును, అదే ఆఫీసులో, తన చేత్తోనే అందుకోవాలి. భోజనం వేళకు ఇంటికి తెచ్చి ఇవ్వాలి. నాలుగింటికి అత్తగారిని రికార్డింగు గదిలో మైకు ముందు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత భూకంపం వచ్చినా ఆమెకు అభ్యంతరం లేదు.

అత్తగారు ముప్ఫై మూడేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. చూపులేని పిల్లల బడివాళ్ళు పాఠాలన్నీ ఎవరిచేతనైనా చదివించి రికార్డు చేయించాలనుకుంటున్నారని విని, ఆరు నెలల కిందట తన పేరు ఇచ్చి వచ్చారు. అప్పటినుంచి పోస్టు వచ్చే వేళకు వీధి గుమ్మంలోనే ఉండేవారు. చివరికి పిలుపు వచ్చింది. పిలుపు వచ్చిన మర్నాడే పళ్ళు విరిగాయి.

విరగ్గొట్టింది కోడలే. అలమర దుమ్ము దులుపుతూ పళ్ళున్న గాజు గ్లాసును మోచేత్తో తోసింది. గ్లాసుకు ఏమీ కాలేదు. పళ్ళ పై వరుస మాత్రం నడిమికి రెండు ముక్కలైంది.

అత్తగారు పన్నెత్తి మాట అనలేదు. అనడానికి పన్ను ఉంటే కదా. తిట్టి ఉంటే కోడలికి ప్రాణం కుదుటపడేది. ఆవిడ తిట్టకుండా, లోపలికి వెళ్ళి మనవరాలి పాత పలక తెచ్చుకుని కూర్చున్నారు. త, థ, ద, ధ, నలు పళ్ళ సాయం లేకుండా పలకవని, వాటికి దంత్యాలని పేరు ఊరికే రాలేదని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి చూపించారు. కింద ఇంకో వాక్యం కూడా చేర్చారు: "మిగిలినవి క, ట, ప లాంటివి. వాటితో ఎవరితో ఏం మాట్లాడను?" తప్పుగా పలకడం కంటే పలకకపోవడమే నయమని ఆవిడ తీర్మానం. అలా పలకలేనని పలక పట్టుకున్నవారు పన్నెండు రోజులుగా దించలేదు. వేరే ఊళ్ళో పనిలో ఉన్న భర్త రోజూ ఫోను చేసి, అమ్మ ఏమంటోందని అడిగితే, "ఏమీ అనటం లేదు, రాస్తున్నారు" అని కోడలు జవాబిచ్చేది.

సుద్దముక్క చప్పుడు ఎంత పెద్దదో ఆ పన్నెండు రోజుల్లో ఆమెకు తెలిసొచ్చింది. ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఆవిడ గొంతే వినబడేది. పాలు పొంగుతున్నాయన్నా, గొళ్ళెం పడలేదన్నా, ప్రతి మాటా చివరి అక్షరం దాకా స్పష్టంగా వచ్చేది. పెళ్ళైన కొత్తలో ఆ గొంతు వింటే కోడలికి హడలు. ఇప్పుడది వినబడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. అందుకే ఇవాళ నాలుగింటికి ఆ పళ్ళు ఆ నోట్లో ఉండి తీరాలి. లేకపోతే రికార్డింగు వాళ్ళు రెండో పేరుగా పెట్టుకున్న పక్కవీధి లెక్కల మాస్టారిని కూర్చోబెడతారు. పోయినవారం ఆయన ఎదురుపడి, "మీ అత్తగారికి ఒంట్లో ఎలా ఉంది?" అని ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా పరామర్శించి వెళ్ళాడు.

ఇక ఆఫీసు సంగతి. ఆ రోజు అక్కడ కొత్త యంత్రానికి మొదటి రోజు. చేతిలో ఇమిడే పరికరం. కింద పిడి, ముందు కెమెరా. పొట్లం మీద ఎవరు ఏ రాత రాసినా దాని ముందు పెడితే చదివేసి, సరుకు ఏ రకమో తేల్చి, గీతల చీటీ ఒకటి కక్కుతుంది. ఆ చీటీ పొట్లానికి అంటిస్తే చాలు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆ గీతల్ని కెమెరాకు చూపించడమే, మనిషి చదివే పని లేదు. చూసిందల్లా చదువుతుంది కాబట్టి ఆఫీసులో దానికి 'పంతులు' అని పేరు పడింది.

పంతుల్ని తెప్పించమని మేనేజరు వెంట పడింది కోడలే. తూకం దగ్గర కూర్చునే పెద్దాయన, ఇన్నేళ్ళుగా మన కళ్ళు చేసిన పనికి దాని కన్నెందుకని సణిగినప్పుడు, నిండు మీటింగులో లేచి నిలబడి, "యంత్రం చదివాక మనిషి మళ్ళీ చదవక్కర్లేదు" అని తేల్చి చెప్పింది. మేనేజరుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పెద్ద అక్షరాలతో అచ్చువేయించి గోడకు అంటించాడు. అన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి, పదిన్నర లోపల మూడు వందల పొట్లాలు చదివించి చూపిస్తానని ఆమె పంతం పట్టింది.

పట్టిన పంతం నెరవేర్చింది కూడా. పొట్లం, కెమెరా, సరే. పొట్లం, కెమెరా, సరే. పంతులు మధ్యమధ్య తెరమీద ఏదో అడుగుతున్నా, 'సరే' మీట నొక్కే ఆమె బొటనవేలు ఆగలేదు.

నూట డెబ్బయ్యో ఎన్నోదో పొట్లం దగ్గర జరగవలసింది జరిగింది. అరచేతిలో పట్టేంత తెల్ల అట్టపెట్టె. మీద పళ్ళ డాక్టరు కోడిగీతల్లో మూడు ముక్కలు రాసి ఉన్నాయి: "పళ్ళు. తడి ఆరనివ్వకండి. ఆఫీసులో ఉంచండి, వచ్చి తీసుకుంటారు." కట్టుడు పళ్ళు తడి ఆరితే వంకర పోతాయని ఆయన జాగ్రత్త. ఆ కోడిగీతల్ని పంతులు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. పళ్ళు అన్నారు, తడి అన్నారు, అంటే తాజా సరుకు. తాజా సరుకును ఆఫీసులో ఉంచమన్నారు. ఉంచకూడదు. వెనకటికి ఎవరో తీసుకెళ్ళని ద్రాక్షబుట్ట ఒకటి కుళ్ళి ఆఫీసంతా ముక్కు మూసుకున్నప్పటినుంచి, ఇంటి నంబరు లేని పళ్ళు గంట దాటితే పెద్దాసుపత్రి వంటగదికి పంపెయ్యాలని రూలు. పంపేవాళ్ళకిచ్చే రసీదు వెనక ఆ సంగతి చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పంతులు ఆ రూలును గుర్తుపెట్టుకుని, "ఆసుపత్రి వంటగదికి పంపనా?" అని మర్యాదగా అడిగింది. కోడలు తన అత్తగారి పళ్ళను ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో సరే అంది. బయటికొచ్చిన గీతల చీటీని సరిగ్గా డాక్టరు రాత మీదే అంటించి, తాజా సరుకు బుట్టలో పడేసింది.

పదింబావుకు మూడు వందలు పూర్తయ్యాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు. తూకం పెద్దాయన కొట్టలేదు.

పదకొండున్నరకు ఆమె తీరిగ్గా లేచి 'వచ్చి తీసుకునేవి' అన్న అర చూసింది. పళ్ళు లేవు. కింది అర చూసింది. లేవు. అప్పుడు పంతుల్ని అడిగింది. 'పళ్ళు' అని కొడితే నలభై ఒక్క పొట్లాలు చూపించింది: నారింజలు, దానిమ్మలు, అరటి గెలలు. 'దంతాలు' అని కొడితే అలాంటి సరుకేదీ రాలేదంది. బల్ల కింద దూరి వెతుకుతుంటే తూకం పెద్దాయన ఏం పోయిందని అడిగాడు.

"నా పళ్ళు కనబడటం లేదు" అంది కోడలు, కంగారులో.

ఆయన ఆమె నోటివంక చూశాడు. అన్నీ ఉన్నాయి. ఉదయం నుంచి యంత్రంతో సతమతమై మనిషి కాస్త అటూ ఇటూ అయిందనుకున్నాడో ఏమో, తన భోజనం డబ్బా పక్కనున్న రెండు అరటిపళ్ళు తీసి, మాట్లాడకుండా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

నలభై ఒకటిలో నలభయ్యింటికి బరువు కిలోల్లో ఉంది. ఒక్కదానికి గ్రాముల్లో ఉంది. కోడలు ఆ వరుసను చివరికంటా చదివింది. 'ఆసుపత్రి వంటగది, చేరినది, పదీ యాభై.' సరే అన్నది ఎవరని చూస్తే తన నంబరే ఉంది.

మేనేజరుతో చెబితే పోయేది. కానీ ఎలా చెబుతుంది? ఆయన కుర్చీ వెనక గోడమీద ఆమె మాటే వేలాడుతోంది. పళ్ళ కోసం అని కారణం రాసి అరపూట సెలవు చీటీ ఇచ్చింది. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. పళ్ళ బండి మన గుమ్మం ముందే ఉంటుంది కదా, దానికి అరపూట ఎందుకన్నాడు. అక్కడ దొరికే రకం కాదని చెప్పి, ఆమె స్కూటర్ తాళాలు తీసుకుంది.

పెద్దాసుపత్రి వంటగది వెనక వైపున ఉంటుంది. లోపల ఆవిరి, గిన్నెల మోత, మూల రసం తీసే యంత్రాల రొద. గరిటె పట్టుకుని అందరిమీదా అజమాయిషీ చేస్తున్న పెద్ద వంటావిడ దగ్గరికి కోడలు తిన్నగా వెళ్ళింది.

"పొద్దున పార్సిల్ ఆఫీసు నుంచి పళ్ళు వచ్చాయా?"

"వచ్చాయమ్మా. మంచివే పంపారు. రసం తీసేశాం."

కోడలు మూలనున్న యంత్రాల వంక చూసింది. "అన్నీనా?"

"మెత్తగా ఉన్నవన్నీ. గట్టివేమైనా ఉంటే ఉడకబెడతాం."

"అవి గట్టివే. కానీ ఉడికేవి కావు. పై వరుస, కింది వరుస ఉంటాయి."

"వరుసగా సర్ది పంపారా? ఇక్కడికొచ్చాక అన్నీ కలిసిపోతాయమ్మా. ఇంతకీ ఏ రకం?"

"మా అత్తగారివి."

"అత్తగారి తోటలోవా?"

"తోటలోవి కాదు. నోట్లోవి."

వంటావిడ గరిటె పక్కన పెట్టింది. నోట్లో పెట్టుకున్న పళ్ళు రోగులకు ఎందుకు పంపారని కాస్త గట్టిగానే నిలదీసింది. ఇక మాటలతో లాభం లేదని, కోడలు నోరు తెరిచి, తన ముందుపళ్ళను వేలితో తట్టి చూపించింది. వంటావిడ మొహం విప్పారింది.

"అలా చెప్పండి మరి. తినే పళ్ళు కావు, నమిలే పళ్ళు."

రసం తీసే ఆవిణ్ణి పిలిచి అడిగారు. ఇవాళ యంత్రంలో కరకరమన్నదేమీ లేదని ఆవిడ చెప్పింది. వంటావిడ ఫ్రిజ్ తెరిచి, వెనక మూల చెయ్యి పెట్టి, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా బయటికి లాగింది. మీద గీతల చీటీ, చీటీ కింద పళ్ళు అన్న మాట. "ఇదైతే వారం నుంచి ఇక్కడే పడుంది. ఎండుద్రాక్షేమో అనుకున్నా" అంటూ మూత తీసింది. లోపల నీళ్ళలో పై వరుస, కింది వరుస, నిక్షేపంలా ఉన్నాయి.

'వారం నుంచి' అన్న మాట కోడలి చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. రంగు కాస్త తేడాగా ఉన్నట్టు అనిపించింది గానీ, అత్తగారి పళ్ళను అంత దగ్గరగా నిదానించి చూసే చొరవ ఏ కోడలికి ఉంటుంది? వంటావిడ రెండు చేతులూ పట్టుకుని దణ్ణం పెట్టినంత పని చేసి, స్కూటర్ ఎక్కింది.

ఇంట్లో అత్తగారు అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని, చదవబోయే పాఠం ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చుని ఉన్నారు. డబ్బా చూడగానే ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి కోడలికి పన్నెండు రోజుల బరువూ దిగిపోయింది. అత్తగారు పళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు నోట్లో పళ్ళు లేవు, చేతిలో పలక ఉంది.

"ఇవి నావి కావు. వీటికి చుట్ట వాసన వస్తోంది."

కోడలు ఆ వాక్యాన్ని నిలబడి చదివి, కూర్చుని మళ్ళీ చదివింది. అప్పుడు బుర్రకెక్కింది. వారం నుంచి ఫ్రిజ్‌లో ఉన్నది పొద్దున్న వచ్చిన పొట్లం ఎలా అవుతుంది? ఎవరి పళ్ళో ఎత్తుకొచ్చి అత్తగారి నోట్లో పెట్టించింది. టైము ఒంటిగంటా నలభై. ఏడుపు రావలసిన చోట ఆమెకు మొండితనం వచ్చింది.

"అత్తయ్యా, మీరు మూడున్నరకు టాక్సీలో రికార్డింగు దగ్గరికి వచ్చెయ్యండి. మీ పళ్ళు తీసుకుని నేను నేరుగా అక్కడికే వస్తాను. రాకపోతే అడగండి."

అత్తగారు ఏదో రాయబోయారు. అది పూర్తయ్యే దాకా ఆగకుండా, కోడలు ఆ పళ్ళను డబ్బాతో సహా సంచిలో వేసుకుని మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరింది.

ఈసారి వంటావిడను అడగవలసినట్టు అడిగింది. పొద్దున్న వచ్చిన తాజా సరుకులో చిన్న తెల్లపెట్టె ఒకటి ఉండాలి, అదేమైంది? వంటావిడ తన దగ్గరున్న పరికరంతో గీతలన్నీ వెతికింది. ఆసుపత్రిలోనూ ఒక పంతులు ఉంది మరి. చిన్న పెట్టె కాబట్టి ఒక్కరికి సరిపోయే పళ్ళనుకుని, మూడో వార్డు ఏడో మంచానికి పంపేశామని తేలింది. ఆ మంచం తాతగారు రోజూ పళ్ళు పళ్ళు అని ప్రాణం తీస్తాడట.

మూడో వార్డులో ఏడో మంచాన్ని వెతకనక్కర్లేకపోయింది. ఆ మంచం పక్క బల్లమీద పళ్ళు కొండలా పేరుకుని ఉన్నాయి. కొండ వెనక ఒక తాతగారు, దిండుకు ఆనుకుని, ఎండిన రొట్టె ముక్కను కరకరా నములుతున్నాడు. చుట్టుపక్కల మంచాలవాళ్ళు ఏదో వేడుక చూస్తున్నట్టు ఆయన వంకే చూస్తున్నారు. నర్సు చీరకొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

సంగతేమిటో నర్సు చెప్పింది. ఎనిమిది రోజుల కిందట ఆపరేషన్‌కు తీసుకెళ్ళేముందు తాతగారి కట్టుడు పళ్ళు తీయించి డబ్బాలో పెట్టి, పైన పళ్ళు అని రాశారు. రాత్రి డ్యూటీవాళ్ళు ఆ డబ్బాను ఆసుపత్రి పరికరానికి చూపిస్తే, అది గీతల చీటీ ఇచ్చి వంటగదికి పొమ్మంది. ఆపరేషన్ అయ్యాక తాతగారు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, నా పళ్ళేవీ అని. వెంటనే నారింజలు తెచ్చి ఇచ్చారు. అవి కాదు, నా పళ్ళు అన్నాడు. దానిమ్మ తెచ్చారు. ఆయన కోప్పడిన కొద్దీ రకాలు పెరిగాయి. నమలలేని మనిషి ముందు ఎనిమిది రోజులుగా పళ్ళ కొండ పెరుగుతూ వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం తెల్లపెట్టె విప్పి చూశాకగానీ ఆయన అడుగుతున్నదేమిటో ఎవరికీ తట్టలేదు.

"పాపం, ఎంత అల్లాడిపోయారో" అంది నర్సు. "కాస్త బిగుతుగా ఉన్నాయన్నారు. ఆపరేషన్ తర్వాత మొహం వాచి ఉంటుందిలెండి అని సర్దిచెప్పాను."

కోడలు మంచం పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, వీలైనంత నెమ్మదిగా చెప్పింది. "తాతగారూ, మీరు పెట్టుకున్నవి మా అత్తగారి పళ్ళు."

తాతగారు నమలడం ఆపాడు. ఆలోచించాడు. మళ్ళీ నమిలాడు. "ఎనిమిది రోజులకు నోటికొచ్చాయి. ఎవరివైతేనేం, ఇవ్వను" అన్నాడు స్పష్టంగా. స్పష్టంగా రాదూ మరి, అవి తెలుగు టీచరు పళ్ళు.

బతిమాలింది. ఇవ్వనన్నాడు. నర్సు బతిమాలింది. నోరు గట్టిగా మూసుకున్నాడు. గోడ గడియారంలో మూడు దాటింది. కోడలు సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి, మూత తెరిచి, ఆయన ముక్కు కింద పెట్టింది. తాతగారు వాసన చూశాడు. మొహంలో ఏదో వెలిగింది. ఎన్నాళ్ళకో ఇంటికొచ్చినవాణ్ణి చూసినట్టు వాటిని చూసి, నోట్లో ఉన్నవి తీసి మంచం మీద పడేసి, తనవి తగిలించుకుని, దవడ అటూ ఇటూ ఆడించాడు. "ఇవీ" అన్నాడు. "ఇవీ నావి." ఆ తర్వాత ఒక దానిమ్మపండు అందుకుని, ఇక మీరంతా వెళ్ళవచ్చన్నట్టు చూశాడు.

వేణ్ణీళ్ళతో ఒకసారి, మందునీళ్ళతో ఒకసారి, మళ్ళీ వేణ్ణీళ్ళతో ఒకసారి కడిగింది కోడలు. నర్సు ఇచ్చిన తెల్లగుడ్డలో చుట్టింది. రికార్డింగు చేసే చోటు ఊరికి ఆ చివర. మూడు సిగ్నళ్ళ దగ్గర తప్ప ఎక్కడా కాలు కింద పెట్టలేదు. మెట్ల దగ్గర స్కూటర్ ఆపేసరికి నాలుగింటికి పది నిమిషాలుంది.

అత్తగారు మెట్లమీద నిలబడి ఉన్నారు, చంకలో పలక, చేతిలో పాఠం. కోడలు గుడ్డ విప్పి రెండు చేతులతో అందించింది. అత్తగారు చూడగానే గుర్తుపట్టారు. తీసుకున్నారు. నోటి దాకా తెచ్చి ఆగి, పలకమీద రెండు మాటలు రాశారు.

"ఇంతసేపూ ఎక్కడున్నాయి?"

ఫ్రిజ్‌లో అంటే సరిపోయేది. వంటగదిలో అన్నా సరిపోయేది. సగం నిజమే అయ్యేది కూడా. కానీ ముప్ఫై మూడేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టేసిన కళ్ళు తిన్నగా ఆమెనే చూస్తున్నాయి. కోడలు మొదటినుంచీ చెప్పేసింది: మూడు వందల పొట్లాల పంతం, చదవకుండా నొక్కిన సరే, వంటగది, ఏడో మంచం, రొట్టెముక్క. ఎక్కడా తగ్గించలేదు. తప్పు యంత్రానిది కాదు, నాదేనంది.

అత్తగారు పళ్ళను మళ్ళీ గుడ్డలో చుట్టి కోడలి చేతిలో పెట్టారు. పరాయి మగాడు రొట్టె నమిలిన పళ్ళు నోట్లో పెట్టుకునే ప్రశ్నే లేదని చెప్పడానికి ఆవిడకు పలక అవసరం లేకపోయింది. పలకను మెట్లమీద పెట్టి, చీర సర్దుకుని, పాఠం పట్టుకుని లోపలికి నడిచారు.

అయిపోయిందనుకుంది కోడలు. పరుగున వెంట వెళ్ళేసరికి, అద్దాల గది బయట లెక్కల మాస్టారు మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రికార్డింగు చేసే అమ్మాయి ఆయనకేదో నచ్చజెబుతోంది. ఆయన వినటం లేదు. చివరికి గొడుగు తీసుకుని, ఎవరివంకా చూడకుండా, విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అమ్మాయి అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ నోటివంక ఒకసారి చూసి, ఒక్కసారిగా తేలికపడ్డట్టు నవ్వింది. "మీరు తీసేసే వచ్చారా? చాలా మంచి పని చేశారండీ. కట్టుడు పళ్ళతో చదివితే ప్రతి మాటకీ టకటకమని మైకులో వినిపిస్తుంది. తీసేసి చదవమంటే మాస్టారు ఒప్పుకోలేదు. అవి కట్టుడువే కావంటారు."

కోడలు అక్కడున్న కుర్చీలో కూలబడింది. అద్దం అవతల ఎర్రదీపం వెలిగింది.

అత్తగారు మొదట కాగితం వంక చూస్తూ కూర్చున్నారు. పెదవులు తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచారు. పన్నెండు రోజుల తర్వాత ఆ గొంతు గోడకున్న పెట్టెలోంచి బయటికొచ్చింది. త కాస్త మెత్తబడింది, ద కాస్త తడిసింది. కానీ ప్రతి అక్షరాన్నీ ఆవిడ పట్టుకుని, దాని చోట దాన్ని నిలబెట్టి, అప్పుడు తర్వాతిదానికి వెళుతున్నారు. నిదానంగా, ఎదురుగా చిన్నపిల్లలెవరో కూర్చున్నట్టు చదివారు. రెండో పేజీకి వచ్చేసరికి అమ్మాయి మీటలమీద నుంచి చెయ్యి తీసి ఊరికే వింటోంది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గంటన్నర తర్వాత అత్తగారు బయటికి వచ్చారు. ఇంకా నలభై పాఠాలున్నాయని, అన్నీ మీరే చదవాలని అమ్మాయి తలుపు దాకా వచ్చి చెప్పింది. కోడలు మెట్లమీది పలక తీసి అందించబోయింది. అత్తగారు దాన్ని పట్టించుకోలేదు. కోడలి చెదిరిన జుట్టును, మాసిన మొహాన్ని కిందినుంచి మీదికి చూశారు.

"పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?" అన్నారు నోటితో.

తినలేదని కోడలు తలూపింది. ఈసారి మాట రానిది ఆమెకు.

స్కూటర్ వీధి మలుపు తిరగగానే అత్తగారు వెనకనుంచి భుజం తట్టి ఆపించారు. చెట్టుకింద ఒక పళ్ళ బండి. బండి దగ్గరి ఆవిడ ఏం పళ్ళు కావాలమ్మా అని అడిగేసరికి, కోడలు ఉలిక్కిపడి అత్తగారి వంక చూసింది. అత్తగారే చెప్పారు.

"నమలక్కర్లేనివి."